వెన్నుపామును నొక్కుతున్న రక్తపు గడ్డ: చిన్న కోతా, పెద్ద కోతా, ఆగి చూడటమా?

ముందు ఒక మాట చెప్పాలి. మెడలోనో వీపులోనో ఉన్నట్టుండి పొడిచినట్టు నొప్పి మొదలై, కాసేపటికి కాళ్లు చేతులు బలహీనపడుతున్నా, మొద్దుబారుతున్నా, మూత్రం ఆగిపోయినా ఇది చదువుతూ కూర్చోకండి, ఎమర్జెన్సీకి వెళ్లండి. రక్తం పలుచబడే మందులు వాడుతున్నవాళ్లు, ఈ మధ్యే వెన్నులో మత్తు సూది వేయించుకున్నవాళ్లు, వెన్నెముక ఆపరేషన్ అయినవాళ్లు అయితే ఒక్క నిమిషం కూడా ఆగొద్దు. ఈ వ్యాసం ఆ తర్వాతి దశ గురించి. స్కాన్ అయిపోయింది, గడ్డ కనిపించింది, డాక్టర్లు "ఇలా చేయొచ్చు, అలా కూడా చేయొచ్చు" అంటున్నారు, ఏం అడగాలో తెలియక టెన్షన్ పడుతున్న ఇంట్లోవాళ్ల కోసం.

అసలు లోపల ఏం జరుగుతోంది

వెన్నుపాము చుట్టూ డ్యూరా అనే గట్టి పొర ఉంటుంది. ఆ పొరకీ బయటి ఎముకకీ మధ్య ఇరుకైన ఖాళీలో కొంచెం కొవ్వు, సన్నని సిరల అల్లిక ఉంటాయి. ఈ సిరలకు కవాటాలు లేవు, అందుకే దగ్గినా ముక్కినా బరువెత్తినా ఆ ఒత్తిడి నేరుగా వాటి మీద పడుతుంది. అక్కడ రక్తం కారి పేరుకుంటే దాన్ని స్పైనల్ ఎపిడ్యూరల్ హెమటోమా అంటారు. చుట్టూ ఎముకే కాబట్టి గడ్డ పెరిగితే నలిగేది వెన్నుపామే. దెబ్బ తగలకుండా, ఆపరేషన్ లేకుండా తనంతట తాను వచ్చే రకం చాలా అరుదు, ఏటా 10 లక్షల మందిలో ఒకరికి అని అంచనా.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. గుండెపోటుకో, కాలి సిరలో గడ్డకో ఇచ్చినట్టు దీనికి కూడా కరిగించే ఇంజెక్షన్ ఇస్తే సరిపోతుంది కదా అనుకుంటారు. ఇవ్వకూడదు. ఇది నాళం లోపల అడ్డుపడ్డ గడ్డ కాదు, నాళం బయటికి కారిన రక్తం, ఆ మందు ఇస్తే ఇంకా కారుతుంది. మెడ దగ్గర గడ్డ ఒక పక్కకు ఉంటే ఆ పక్క చేయి, కాలు పడిపోయి అచ్చం పక్షవాతంలా కనిపిస్తుంది, స్ట్రోక్ అనుకుని కరిగించే మందు ఇచ్చిన సందర్భాలు వైద్య పత్రికల్లో ఉన్నాయి. ముందు మెడనొప్పి వచ్చి, మూతి వంకర పోకుండా, మాట మామూలుగానే ఉండి చేయీ కాలూ పడిపోతే ఆ సంగతి డాక్టర్‌కి మొదటే, గట్టిగా చెప్పండి.

దేన్ని బట్టి ఎంచుకోవాలి

"చిన్న కోతతో అయిపోతుందా?" అన్నదే అందరి మొదటి ప్రశ్న. అది సహజమే, కానీ నా లెక్కలో అది చివర్న అడగాల్సింది. దానికన్నా ముందు చూడాల్సినవి చాలా ఉన్నాయి.

మొదటిది, నరాల పరిస్థితి ఇప్పుడు ఎలా ఉంది, ఎటు పోతోంది. ఉత్త నొప్పేనా, బలం తగ్గిందా, పూర్తిగా పడిపోయిందా? గంట క్రితం కన్నా మెరుగా, అధ్వానమా? ఆపరేషన్ తర్వాత ఎంత కోలుకుంటారన్నది ఎక్కువగా ఆపరేషన్ ముందు ఎంత కదలిక మిగిలి ఉందన్నదాని మీదే ఆధారపడుతుంది.

రెండోది గడియారం. వెన్నులో మత్తు ఇచ్చాక గడ్డ ఏర్పడిన 61 కేసులను కలిపి చూసిన 1994 నాటి సమీక్షలో, లక్షణాలు మొదలైన 8 గంటల లోపు ఒత్తిడి తీసేసినవాళ్లు మెరుగ్గా కోలుకున్నారు. 1995లో 30 మంది రోగుల మీద వచ్చిన మరో అధ్యయనంలో 12 గంటల లోపు ఆపరేషన్ అయినవాళ్ల ఫలితాలు బాగున్నాయి. 1996లో, దానంతట అదే వచ్చిన గడ్డలకు ఆపరేషన్ చేసిన 333 కేసులను పరిశీలిస్తే, పూర్తిగా చచ్చుబడ్డవాళ్లకు 36 గంటలు, కొంత కదలిక మిగిలినవాళ్లకు 48 గంటల లోపు చేస్తే కోలుకునే అవకాశం పెరిగిందని తేలింది. ఈ అంకెలు చూసి "ఇంకా టైం ఉంది" అనుకోవద్దు. ఇవి ఆలస్యమైనా ప్రయత్నించడం దండగ కాదని చెప్పడానికే తప్ప, నింపాదిగా ఉండటానికి కాదు.

తర్వాత గడ్డ ఎక్కడుంది, ఎంత పొడవుంది. పెద్దవాళ్లలో వెన్నుపాము నడుము మొదట్లో, మొదటి రెండు నడుము పూసల దగ్గర ముగిసిపోతుంది, కింద ఉండేది నరాల గుత్తి. ఆ నరాలు ఒత్తిడిని వెన్నుపాము కన్నా కొంచెం ఎక్కువ ఓర్చుకుంటాయి, పని చేయడానికి చోటు కూడా కొంచెం ఎక్కువ. మెడలో, ఛాతీ భాగంలో ఆ వెసులుబాటు లేదు. గడ్డ వెనక వైపు ఉంటే చేరుకోవడం సులువు (ఎక్కువసార్లు వెనకే ఉంటుంది), ముందు వైపు ఉంటే కష్టం. రెండు మూడు పూసల పొడవా, పది పూసల పొడవా అన్నదాన్ని బట్టి పద్ధతే మారిపోతుంది.

గడ్డ వయసూ చూడాలి. తాజా గడ్డ జిగట ముద్దలా ఉంటుంది, సూదికి రాదు. రోజులు, వారాలు గడిస్తే కొన్ని గడ్డలు కరిగి ద్రవంగా మారతాయి. ఎంఆర్‌ఐలో కనిపించే రంగు తేడాలను బట్టి రేడియాలజిస్టు గడ్డ వయసును కొంతవరకు చెప్పగలరు.

రోగి రక్తం సరిగ్గా గడ్డకడుతోందా అన్నది ఇంకోటి, దీని గురించి కింద విడిగా చెప్తాను. ఆఖరిది, ఎవరూ అడగడానికి ఇష్టపడనిది: ఈ రాత్రి, ఈ ఆసుపత్రిలో, ఈ పద్ధతి చేయడం వచ్చినవాళ్లు ఉన్నారా?

ఆగి చూడటం

ఆపరేషన్ లేకుండా గమనిస్తూ ఉండటం కూడా ఒక చికిత్సే, పట్టించుకోకపోవడం కాదు. నొప్పి మాత్రమే ఉండి బలం తగ్గనివాళ్లకు, లేదా మొదట బలహీనపడినా ఎవరూ ఏమీ చేయకముందే గంటల్లో వేగంగా కోలుకుంటున్నవాళ్లకు ఇది సరైన దారే. రక్తం ఆ ఖాళీలో పైకీ కిందకీ పరుచుకుని ఒత్తిడి దానంతట అదే తగ్గడం నిజంగా జరుగుతుంది.

కానీ దీనికో షరతుంది. గంట గంటకూ కాళ్లు చేతుల బలం, స్పర్శ పరీక్షించి రాసి పెట్టాలి, మళ్లీ ఎంఆర్‌ఐ తీయాలి, తేడా వస్తే అర్ధరాత్రయినా ఆపరేషన్ థియేటర్‌కి తీసుకెళ్లగలిగే చోట ఉండాలి. ఇంట్లో మంచం మీద పడుకుని గమనించడం ఈ లెక్కలోకి రాదు. నరాల బలం తగ్గుతూ పోతుంటే "ఇంకొంచెం చూద్దాం" అనడం నా దృష్టిలో అన్నిటికన్నా ప్రమాదకరమైన నిర్ణయం.

ఓపెన్ లామినెక్టమీ

ఇది పాత పద్ధతి, ఇప్పటికీ మిగతావాటిని దీనితోనే పోలుస్తారు. వీపు మధ్యలో కోసి, కండరాలను ఎముక నుంచి రెండు పక్కలకీ జరిపి, పూస వెనక గోడలాంటి లామినాను తీసేసి, గడ్డను కళ్లారా చూస్తూ కడిగేస్తారు. ఎంత పొడవైనా, ఎంత గట్టిదైనా, రక్తం ఎక్కడి నుంచి కారుతున్నా సర్జన్ చేయి ఆడటానికి చోటు ఉంటుంది. దాదాపు ఏ న్యూరోసర్జన్‌కైనా, స్పైన్ సర్జన్‌కైనా చేయి తిరిగిన పని, ప్రత్యేక పరికరాల కోసం ఎదురుచూడక్కర్లేదు.

నష్టాలూ తక్కువేం కాదు. గాయం పెద్దది, నొప్పి ఎక్కువ, రక్తం పోతుంది, ఇన్ఫెక్షన్ భయం ఉంటుంది. చాలా పూసల లామినా తీసేస్తే, ముఖ్యంగా మెడలోనూ, మెడ ఛాతీ కలిసే చోటా, పిల్లల్లోనూ, తర్వాతి నెలల్లో, ఏళ్లలో వెన్ను ముందుకు వంగిపోవచ్చు. కొందరికి స్క్రూలు, రాడ్లతో బిగించాల్సి వస్తుంది. ఎముక గోడను తీసేయకుండా తలుపులా తెరిచి మళ్లీ అమర్చే లామినోప్లాస్టీ, ఒక పక్కే తీసే హెమీలామినెక్టమీ ఈ నష్టాన్ని తగ్గించడానికే వచ్చాయి.

ట్యూబ్ గుండా సర్జరీ

సుమారు రెండు సెంటీమీటర్ల కోత పెట్టి, కండరాన్ని కోయకుండా ఒకదాని మీద ఒకటి పెద్దవవుతూ వచ్చే గొట్టాలతో వెడల్పు చేస్తూ, చివర్న 18 నుంచి 22 మిల్లీమీటర్ల ట్యూబ్ నిలబెట్టి, మైక్రోస్కోప్‌లో చూస్తూ ఒక పక్క నుంచే లామినాలో కిటికీ తెరుస్తారు. ట్యూబ్‌ను వాల్చి అవతలి పక్క గడ్డను కూడా తీయొచ్చు. వెన్ను మధ్య గీత ఎముకలు, బంధనాలు అలాగే ఉంటాయి కాబట్టి తర్వాత వంగిపోయే భయం తక్కువ, నొప్పీ తక్కువ, త్వరగా లేపి నడిపించొచ్చు.

పొడవైన గడ్డలకు ఇందులో ఒక ఉపాయం ఉంది. ప్రతి పూసనూ తెరవకుండా, కొన్నిచోట్ల మాత్రమే కిటికీలు పెట్టి, మధ్యలో ఉన్న భాగంలోకి మెత్తని సన్నటి గొట్టం పంపి సెలైన్‌తో కడిగి లాగేస్తారు. వినడానికి బాగానే ఉంటుంది, కానీ మధ్య భాగంలో గడ్డ గట్టిగా అంటుకుని ఉంటే మిగిలిపోతుంది, కంటికి కనిపించని చోట గొట్టం ఆడించడం నలిగి ఉన్న వెన్నుపాము పక్కన జరిగే పని.

నా అభిప్రాయంలో, చిన్న కోత పద్ధతుల్లో ఎమర్జెన్సీకి కొంతవరకు నిలబడేది ఇదే. గడ్డ పొట్టిగా, వెనక వైపు, ఒక పక్కకి ఉండి, ట్యూబ్ పని రోజూ చేసే సర్జన్ ఉంటే ఓపెన్‌తో సమానంగా ఒత్తిడి తీయగలరు. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా మళ్లీ ఆలోచించాలి. రక్తస్రావం ఎక్కువైతే ట్యూబ్‌లో అదుపు చేయడం కష్టం, అప్పుడు కోత పెద్దది చేసి ఓపెన్‌గా మార్చాలి. అలా మార్చడాన్ని ఫెయిల్యూర్ అనుకోవద్దు, ముందే ఒప్పందంలో ఉండాల్సిన విషయం అది.

ఎండోస్కోపీ

ఒక రంధ్రంతో గానీ, కెమెరాకి ఒకటి, పరికరాలకి ఒకటి అని రెండు రంధ్రాలతో గానీ చేస్తారు. ఒక్కోటి సెంటీమీటరు లోపే. సెలైన్ నీళ్లు ఆగకుండా పారుతుంటాయి, దాంతో రక్తం కొట్టుకుపోయి లోపలంతా స్పష్టంగా కనిపిస్తుంది. గడ్డను కడిగేయడానికి ఈ నీళ్లే పనికొస్తాయి.

అదే నీళ్లతో ఇబ్బంది కూడా. బయటికి పోయే దారి సరిగ్గా లేకపోతే ఒత్తిడి పెరిగి, ఇప్పటికే నలిగిన వెన్నుపాము మీద ఇంకా భారం పడుతుంది. మెడనొప్పి, తలనొప్పి, అరుదుగా ఫిట్స్ వచ్చిన కేసులున్నాయి. ఇంకో వింత ఏమిటంటే, నీళ్ల ఒత్తిడికి చిన్న సిరల రక్తస్రావం ఆగినట్టు కనిపించి, నీళ్లు ఆపాక మళ్లీ మొదలవుతుంది. అందుకే రెండు రంధ్రాల ఎండోస్కోపీ చేశాక గడ్డ ఏర్పడటం అనేది ఆ పద్ధతికే తెలిసిన చిక్కు. నడుము భాగంలో, నరాల గుత్తి దగ్గర, ఒకటి రెండు పూసల గడ్డకు ఇది నప్పుతుంది. వెన్నుపాము ఉన్న చోట, వేగంగా పడిపోతున్న మనిషికి ఎండోస్కోపీయే చేయమని మీరు పట్టుబట్టకండి.

సూదితో లాగేయడం

సీటీ గానీ ఎక్స్‌రే తెర గానీ చూస్తూ సూదినో సన్నటి గొట్టాన్నో పంపి లాగడం. అందరికీ నచ్చేది ఇదే, పనికొచ్చే సందర్భాలు మాత్రం చాలా తక్కువ. గడ్డ ద్రవంగా మారి ఉండాలి, లక్షణాలు నెమ్మదిగా ఉండాలి, లేదా రోగి ఆపరేషన్ తట్టుకోలేని స్థితిలో ఉండాలి. మొత్తం వచ్చిందో లేదో కంటికి కనిపించదు, కారుతున్న సిరను ఆపే వీలు లేదు, సూదే మరో సిరను తాకొచ్చు.

రక్తనాళం లోపలి నుంచి చేసే ఎంబొలైజేషన్ గురించి కూడా అడుగుతుంటారు. అది ధమనులూ సిరలూ తప్పుగా కలిసిపోయిన చోటును మూసేసే చికిత్స. కారణానికి పనికొస్తుంది, ఇప్పుడు నొక్కుతున్న గడ్డను తీయదు.

ఒక్క చూపులో

| పద్ధతి | ఎవరికి నప్పుతుంది | బలం | బలహీనత |
|---|---|---|---|
| ఆగి చూడటం | నొప్పి మాత్రమే ఉన్నవాళ్లు, వేగంగా కోలుకుంటున్నవాళ్లు | కోత లేదు | పరిస్థితి తిరగబడితే విలువైన గంటలు పోతాయి |
| ఓపెన్ లామినెక్టమీ | వేగంగా పడిపోతున్నవాళ్లు, పొడవైన గడ్డ, మెడ, ఛాతీ భాగం | పూర్తిగా తీయొచ్చు, రక్తస్రావం అదుపులో ఉంటుంది, ఎక్కువచోట్ల దొరుకుతుంది | పెద్ద గాయం, తర్వాత వెన్ను వంగే అవకాశం |
| ట్యూబ్ సర్జరీ | పొట్టి గడ్డ, వెనక వైపు, అనుభవమున్న సర్జన్ | కండరం, ఎముక చాలావరకు నిలుస్తాయి | ఇరుకు, కొంత గడ్డ మిగలొచ్చు |
| ఎండోస్కోపీ | నడుములో ఒకటి రెండు పూసల గడ్డ | చాలా చిన్న గాయం, స్పష్టమైన దృశ్యం | నీళ్ల ఒత్తిడి, నేర్చుకోవడానికి చాలాకాలం |
| సూదితో లాగడం | ద్రవంగా మారిన పాత గడ్డ, ఆపరేషన్ తట్టుకోలేనివాళ్లు | మత్తు తక్కువ చాలు | తాజా గడ్డకు పనికిరాదు |

ఈ పద్ధతులను ఒకదానితో ఒకటి నేరుగా పోల్చిన పెద్ద ట్రయల్స్ లేవు, ఇంత అరుదైన, ఇంత అత్యవసరమైన జబ్బులో అలాంటివి చేయడం కూడా కష్టమే. చిన్న కోత పద్ధతుల గురించి ఉన్నవన్నీ ఒక్కో రోగి కేసు నివేదికలు, కొద్దిమంది రోగుల చిన్న సిరీస్‌లు. బాగా జరిగిన కేసులే ఎక్కువగా అచ్చవుతాయన్నది గుర్తుపెట్టుకుని చదవాలి.

రక్తం పలుచబడే మందులు వాడుతుంటే

కోత చిన్నది కదా, రక్తం సంగతి అంత పట్టించుకోనక్కర్లేదు అనుకుంటే పొరపాటు. ఇరుకైన ట్యూబ్‌లోనే రక్తం ఆపడం ఎక్కువ కష్టం. ఏ పద్ధతైనా, ఆగి చూడటమైనా సరే, ముందు మందు ప్రభావాన్ని తిప్పికొట్టాలి. వార్ఫరిన్ అయితే విటమిన్ కె ఇస్తారు, కానీ అది పని చేయడానికి గంటలు పడుతుంది కాబట్టి దానితోపాటు ప్రోథ్రాంబిన్ కాంప్లెక్స్ కాన్సంట్రేట్ (రక్తం గడ్డకట్టించే ప్రొటీన్లున్న ఇంజెక్షన్), అది లేనిచోట ప్లాస్మా. హెపరిన్‌కి ప్రోటమిన్, డాబిగాట్రాన్‌కి ఇడారుసిజుమాబ్. అపిక్సాబాన్, రివరాక్సాబాన్‌లకు కూడా చాలాచోట్ల ప్రోథ్రాంబిన్ కాన్సంట్రేట్‌నే వాడతారు. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్‌లకు నేరుగా విరుగుడు లేదు, ప్లేట్‌లెట్లు ఎక్కించడం గురించి డాక్టర్లే తేల్చుకోవాలి. ప్లేట్‌లెట్లు తక్కువగా ఉంటే ఆపరేషన్‌కి లక్ష దాకా తేవాలని చూస్తారు. ఏ మందు, ఎంత మోతాదు, చివరిసారి ఎన్ని గంటలకు వేసుకున్నారు అన్న ఈ మూడూ ఒక కాగితం మీద రాసి ఇవ్వండి, ఇంట్లోవాళ్లు చేయగల అతి పెద్ద సాయం అదే.

మీ పరిస్థితి ఏది?

వెన్నెముక ఆపరేషన్ అయిన కొన్ని గంటలకో, ఒకటి రెండు రోజులకో గడ్డ వచ్చినవాళ్లు ఈ పోలికంతా పక్కన పెట్టేయొచ్చు. దారి ముందే తెరిచి ఉంది, అదే గాయాన్ని మళ్లీ తెరిచి గడ్డ తీయడమే అతి వేగమైన పని. మొదటిది కీహోల్ (చిన్న కోత) పద్ధతిలో చేసినా, రెండోదీ అలాగే కావాలని అడగాల్సిన పని లేదు.

కాన్పుకో మరో ఆపరేషన్‌కో వెన్నులో మత్తు ఇచ్చాక కాళ్లు ఎప్పటికీ తేలికపడకపోతే, లేదా తేలికపడ్డాక మళ్లీ మొద్దుబారితే "మత్తు ఇంకా దిగలేదేమో" అని సరిపెట్టుకోకుండా ఎంఆర్‌ఐ అడగండి. ఇక్కడ ఆలస్యానికి మొదటి కారణం ఆ సరిపెట్టుకోవడమే. గడ్డ నడుములో, పొట్టిగా ఉంటే ట్యూబ్ పద్ధతి బాగా నప్పుతుంది.

వయసు మీదపడి, గుండె, ఊపిరితిత్తులు బలహీనంగా ఉన్నవాళ్ల విషయంలోనే చిన్న కోతకి అసలైన విలువ. రక్తం తక్కువ పోతుంది, త్వరగా లేస్తారు. అయితే పది పూసల గడ్డకి ట్యూబ్‌తో గంటలకొద్దీ మత్తులో ఉంచడం కన్నా, త్వరగా ముగిసే ఓపెన్ సర్జరీయే ఆ గుండెకు తేలిక కావచ్చు, కాబట్టి మత్తు డాక్టర్‌తో కూడా మాట్లాడండి.

పిల్లలకు ఎదిగే వెన్ను కాబట్టి లామినాను కాపాడే పద్ధతి కావాలని అడగడం న్యాయమే. హీమోఫిలియా (రక్తం సరిగ్గా గడ్డకట్టని జబ్బు) ఉన్న పిల్లల్లో లోపించిన ఫ్యాక్టర్, అంటే గడ్డకట్టించే ప్రొటీన్, వెంటనే ఎక్కిస్తే చాలామందికి ఆపరేషన్ దాకా పోదు, నరాల బలం పడిపోతుంటే మాత్రం లెక్క వేరు.

చుట్టుపక్కల చిన్న కోత పద్ధతి చేసేవాళ్లు లేక, వేరే ఊరికి తీసుకెళ్లాలా అని తర్జనభర్జన పడుతున్నవాళ్లకి: బలం తగ్గుతున్న మనిషిని, ఇక్కడే ఓపెన్ సర్జరీ చేయగలిగినప్పుడు, కేవలం మచ్చ చిన్నదవుతుందని అంబులెన్స్ ఎక్కించకండి. ఇక్కడ ఏ సర్జరీ కుదరనప్పుడు మాత్రం ఒక్క క్షణం ఆలోచించకుండా కదలండి, మందు విరుగుడు ఇక్కడే మొదలుపెట్టించి మరీ.

సర్జన్‌ని అడగాల్సినవి

ఈ పద్ధతిలో గడ్డ మొత్తం వస్తుందా, ఎంత మిగలొచ్చు? ఇదే పని మీరు ఎమర్జెన్సీలో చేశారా, లేక ముందే డేట్ ఇచ్చిన ఆపరేషన్లలోనేనా? ఓపెన్ కన్నా దీనికి మొదలుపెట్టడం ఎంత ఆలస్యమవుతుంది? మధ్యలో అవసరమైతే ఓపెన్‌గా మారుస్తారా? గడ్డ డ్యూరా పొర బయట ఉందా, లోపలా? (లోపల ఉంటే పొరనే తెరవాలి, పైన రాసిన సంగతులు చాలావరకు వర్తించవు.) జ్వరం కూడా ఉంటే, ఇది రక్తపు గడ్డా, చీముగడ్డా అన్నది తేలిందా?

మూడో ప్రశ్నకు "పరికరాలు రేపు ఉదయం వస్తాయి" అనే జవాబొస్తే, బలం తగ్గుతున్న రోగి విషయంలో నేనైతే ఇప్పుడే ఓపెన్ చేయమంటాను.

ఆపరేషన్ తర్వాత

ఏ పద్ధతైనా మొదటి ఒకటి రెండు రోజులు గంట గంటకూ బలం చూడాలి, బీపీ పడిపోకుండా చూసుకోవాలి, డ్రెయిన్ (గాయంలోని రక్తాన్ని బయటికి లాగే గొట్టం) సరిగ్గా పారుతోందో గమనించాలి. నొప్పి అకస్మాత్తుగా పెరిగినా, కదిలిన వేలు మళ్లీ కదలకపోయినా వెంటనే చెప్పండి, మళ్లీ గడ్డ చేరడం చిన్న కోతలోనూ జరుగుతుంది. కాళ్లు కదలని రోజుల్లో కాలి సిరల్లో గడ్డలు రాకుండా గాలితో నొక్కే తొడుగులు వేస్తారు.

ఆపేసిన రక్తం పలుచబడే మందు మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలన్నది చాలామంది డిశ్చార్జ్ రోజున గానీ అడగరు. గుండెలో మెటల్ వాల్వ్ ఉన్నవాళ్లు ఎక్కువ రోజులు మందు లేకుండా ఉండలేరు, గుండె లయ తప్పడం వల్ల వాడుతున్నవాళ్లకు కొంచెం వెసులుబాటు ఉంటుంది. గుండె డాక్టర్, సర్జన్ ఇద్దరూ కలిసి తేల్చిన తేదీ, మందు పేరు, మోతాదు, రక్త పరీక్ష ఎప్పుడు చేయించాలి, తేడా వస్తే ఎవరికి ఫోన్ చేయాలి అన్నవన్నీ డిశ్చార్జ్ కాగితం మీద రాయించుకోండి.